ఫాస్ఫరస్ లెక్క నేర్పిన మన సుబ్బారావు గారు

కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నవారు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. వారి ల్యాబ్ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. క్రియాటినిన్, యూరియా, పొటాషియం అని వరుసగా ఉన్న పేర్ల కింద ఎక్కడో ఒకచోట ఫాస్ఫరస్ అని ఉంటుంది. దాని ఎదురుగా ఒక చిన్న అంకె. మిగతా అంకెల గురించి డాక్టరును అడిగేవాళ్లం కూడా ఈ వరుసను దాటి వెళ్లిపోతాం. ఎముకలు నొప్పి పెట్టినా, ఒళ్లంతా దురద పుట్టినా దానికీ దీనికీ సంబంధం ఉంటుందని మనకు తోచదు.

ఆ అంకెను తేలికగా, నమ్మకంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికి అందించిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో చదువుకుని, అమెరికాలో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. సొంత ఊరికి దూరంగా, ఇంకో భాష మాట్లాడే ఊళ్లో బతుకు కట్టుకోవడం అంటే ఏమిటో హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో షోలాపూర్‌లోనో తరాలుగా ఉంటున్న మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఆయన కథ మన కథకు దగ్గరగా ఉంటుంది. ఆ కథతో పాటు ఆయన కొలిచి చూపిన ఫాస్ఫేట్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకుందాం. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో ఈ రెండోది తెలియకపోతే నష్టపోయేది రోగి ఎముకలే.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చిన్నప్పటి నుంచీ చదువు మీద కన్నా బాగా సంపాదించాలన్న ఆలోచన మీదే ఆయనకు మక్కువ ఎక్కువ. 13 ఏళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు చేసుకోవాలని ఆయన పథకం. పెద్దవాళ్లు దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి మళ్లీ బడికి పంపారు.

రాజమండ్రిలో చదువు సాగలేదు. దగ్గరివాళ్లు జబ్బులతో ఒకరి తరువాత ఒకరు పోవడంతో ఆయన మనసు చెదిరింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కారు. తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తి చేశారు. ఆ రోజుల్లో మద్రాసు తెలుగువారికి కూడా రాజధానే. కృష్ణా, గోదావరి తీరాల నుంచి చదువుల కోసం వచ్చే కుర్రాళ్లతో ఆ నగరం నిండి ఉండేది. ఇప్పుడు చెన్నైలో ఉంటున్న మన కుటుంబాల్లో కొన్నింటి మూలాలు ఆ కాలంలోనే ఉన్నాయి.

మద్రాసులోనే ఆయనకు రామకృష్ణ మఠంతో పరిచయమైంది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. అమ్మ అనుమతి ఉండాలని మఠంలో చెప్పారు. వెంకమ్మ గారు ససేమిరా అన్నారు. సేవ చేయాలనుంటే వైద్యం చదివి చేయవచ్చన్న ఆలోచనతో ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ సాయపడ్డారు. మూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో 1919లో ఆయనకు పెళ్లయింది.

ఖద్దరు తెచ్చిన చిక్కు

గాంధీజీ విదేశీ వస్త్రాలు మానమని పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి వేసుకునే గౌనును కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రిటిష్ దొర బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసినా, చివరికి సుబ్బారావు గారి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు. దానితో మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నించారు. దొరకలేదు.

అదే కాలంలో ఇంట్లో పిడుగు పడింది. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగులు ఆహారాన్ని ఒంటికి పట్టించుకోలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించిపోయే జబ్బు అది. డాక్టరు చదువు చదివి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోయారు. ఆ జబ్బుకు మందు అప్పటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

తరువాత ఆయన మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరారు. ఆయుర్వేద మందులను కొత్త పద్ధతుల్లో పరిశోధించాలని ఉండేది. మద్రాసుకు వచ్చిన ఒక అమెరికన్ వైద్యుడితో పరిచయమయ్యాక చూపు అమెరికా వైపు మళ్లింది. ప్రయాణానికి డబ్బు కావాలి. మామగారు కొంత కూడగట్టారు. యానాంకు దగ్గరలోని కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. 1920ల మొదట్లో ఆయన ఓడెక్కారు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆ తరువాత ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

బోస్టన్‌లో నీలి రంగు

బోస్టన్‌లో దిగిన ఆయన హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా చేశారు. చేతిలో ఉన్నది ఎల్.ఎం.ఎస్. మాత్రమే కాబట్టి అక్కడ డాక్టరుగా ప్రాక్టీసు చేసే వీలు లేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. పగలు చదువు, రాత్రి ఆ పని. తరువాత హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

ఫిస్కే ఆయనకు అప్పగించిన పని రక్తంలో, మూత్రంలో, కండల్లో ఉండే ఫాస్ఫరస్‌ను కచ్చితంగా కొలిచే దారి కనిపెట్టడం. అంతకుముందు పద్ధతులు లేకపోలేదు. ఆమ్లంలో మాలిబ్డేట్ అనే రసాయనం కలిపితే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుందనీ, ఆ జంటను ఇంకో రసాయనంతో మారిస్తే నీలి రంగు వస్తుందనీ అప్పటికే తెలుసు. కానీ ఆ రంగు నిదానంగా వచ్చేది, నిలకడగా ఉండేది కాదు. రంగు నిలవకపోతే దాన్ని చూసి వేసే లెక్కకు విలువేముంది?

ఫిస్కే, సుబ్బారావు గార్లు రంగు తెప్పించడానికి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే కొత్త రసాయనాన్ని ఎంచుకున్నారు. దానితో రంగు త్వరగా వచ్చింది, లెక్కకు నిలిచింది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత ముదురుగా ఉంటుంది. తెలిసిన మోతాదుతో చేసిన రంగు పక్కన రోగి రక్తం నుంచి వచ్చిన రంగును పెట్టి పోల్చితే అంకె తేలిపోతుంది. 1925లో ఆ పద్ధతిని పత్రికలో ప్రచురించారు. దాని పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. మన దేశంలో జీవరసాయన శాస్త్రం చదివే పిల్లలు ప్రయోగశాలలో ఇప్పటికీ ఈ పేరుతోనే ఫాస్ఫరస్ కొలవడం నేర్చుకుంటారు. పెద్ద ల్యాబుల్లోని ఇప్పటి యంత్రాలు నీలి రంగు దాకా పోకుండా మాలిబ్డేట్ జంటనే అతినీలలోహిత కాంతితో కొలుస్తున్నాయి. మూలసూత్రం మాత్రం అదే.

రంగు ఆలస్యమైతే వదల్లేదు

ఈ పద్ధతితో కండను పరీక్షిస్తున్నప్పుడు ఒక వింత కనబడింది. రంగు ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఎక్కడో పొరపాటు జరిగిందని ఇంకొకరు ఆ పరీక్షను పారబోసేవారేమో. వీరు పారబోయలేదు. కండలో ఏదో పదార్థంలో దాక్కుని ఉన్న ఫాస్ఫేట్, ఆమ్లం తగలగానే విడిపోతూ బయటికి వస్తోందని గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని లోకానికి చెప్పారు. 1929లో ఏ.టి.పి.ని వేరు చేసి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా వేరుగా దాన్ని కనుగొన్నారు. మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏ.టి.పి.లో మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. నడిచినా, ఊపిరి పీల్చినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది అదే.

అంటే ఫాస్ఫేట్ విషం కాదు. అది లేకపోతే ప్రాణమే లేదు. ఒంట్లో ఉన్న ఫాస్ఫరస్‌లో సుమారు 85 శాతం ఎముకల్లోనే ఉంటుంది, క్యాల్షియంతో కలిసి ఎముకకు గట్టితనం ఇస్తుంది. దానికి కావలసింది సమతూకం. ఆ తూకాన్ని కాపాడే పని కిడ్నీలది.

కిడ్నీ నీరసిస్తే ఎముక మీద పడే భారం

మనం తిన్న ఆహారంలోని ఫాస్ఫేట్‌లో అవసరానికి మించినది మూత్రం ద్వారా బయటికి పోవాలి. కిడ్నీలు దెబ్బతింటే అది సరిగా పోదు. అయినా రిపోర్టులో ఫాస్ఫరస్ అంకె వెంటనే పెరగదు. పెద్దవారిలో అది మామూలుగా డెసీలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. కిడ్నీ పనితనం బాగా తగ్గేదాకా ఆ హద్దులోనే ఉండవచ్చు కూడా. అది చూసి అంతా బాగుందని చాలామంది ఊరట పడతారు.

లోపల జరిగేది వేరు. ఫాస్ఫేట్ భారం పెరుగుతోందని తెలియగానే ఎముక కణాలు ఎఫ్.జి.ఎఫ్-23 అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. మిగిలిన కిడ్నీ చేతనే ఫాస్ఫేట్‌ను ఎక్కువగా బయటికి పంపించడం దాని పని. కానీ అదే హార్మోను, పని చేసే రూపంలోని విటమిన్ డి తయారీని తగ్గిస్తుంది. విటమిన్ డి తగ్గితే పేగులు క్యాల్షియంను సరిగా పీల్చుకోలేవు. రక్తంలో క్యాల్షియం తగ్గకుండా చూడటానికి మెడలో ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు పీ.టీ.హెచ్. అనే హార్మోనును పెంచుతాయి. ఆ హార్మోను ఎముకలో నుంచి క్యాల్షియం తీసి రక్తంలోకి పంపుతుంది. ఇంటి ఖర్చుకు రాబడి చాలక గోడలోని ఇటుకలు ఒక్కొక్కటిగా తీసి అమ్ముకున్నట్టు ఉంటుంది ఆ పరిస్థితి. బయటికి ఇల్లు నిలబడే ఉంటుంది, లోపల గోడ పలచబడుతూ పోతుంది.

ఇది ఏళ్ల తరబడి సాగితే ఎముకల్లో నొప్పి, కండరాల నీరసం, చిన్న దెబ్బకే విరిగిపోవడం మొదలవుతాయి. ఎముకకు చేరవలసిన క్యాల్షియం, ఫాస్ఫేట్ రక్తనాళాల గోడల్లో పేరుకుంటే గుండెకూ ముప్పే. ఫాస్ఫేట్ బాగా ఎక్కువైనవారిలో దురద కూడా కనిపిస్తుంది.

అందుకే కిడ్నీ జబ్బు మూడో దశకు చేరినప్పటి నుంచే ఫాస్ఫరస్ ఒక్కటే కాకుండా క్యాల్షియం, పీ.టీ.హెచ్. కూడా చూడాలని వైద్యులు చెబుతారు. ఫాస్ఫరస్‌ను మూడో దశలో ఆరు నెలల నుంచి ఏడాదికి ఒకసారి, నాలుగో దశలో మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి, ఐదో దశలో, డయాలసిస్‌లో ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి చూడటం మామూలు. ఒక్క అంకెను చూసి కంగారుపడనూ వద్దు, ఊరట పడనూ వద్దు. పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టి అంకె ఎటు నడుస్తోందో చూడాలి. రక్తం తీశాక చాలాసేపు అలాగే ఉంచితే రక్తకణాల్లోని ఫాస్ఫేట్ బయటికి వచ్చి అంకె దొంగగా పెరుగుతుంది. సుబ్బారావు గారికి కండలో కనిపించిన వింతకు ఇది చుట్టమే. అనుకోని అంకె వస్తే మళ్లీ పరీక్ష చేయించమని అడగడంలో తప్పు లేదు.

వంటింట్లో ఏం చూడాలి

ఫాస్ఫేట్ అనగానే పప్పు, పాలు, గుడ్డు, చేప అన్నీ మానేయడం సరికాదు. మాంసకృత్తులు మరీ తగ్గితే మనిషి నీరసించిపోతాడు. డయాలసిస్ చేయించుకునేవారికి అవి ఇంకా ఎక్కువే కావాలి. ఏది ఎంత తినాలో రోగి దశను బట్టి డాక్టరు, ఆహార నిపుణులు చెప్పాలి.

అన్ని ఫాస్ఫేట్లూ ఒంటికి ఒకేలా పట్టవు. పప్పులు, గింజలు, ధాన్యాల్లోది చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది. మన పేగులు అందులో కొంత భాగాన్నే పీల్చుకుంటాయి. మాంసం, పాలు, గుడ్లలోది అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆహారం నిలవ ఉండటానికో, మెత్తగా ఉండటానికో ఫ్యాక్టరీలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది. ముందు తగ్గించవలసింది దాన్నే. నల్లని కోలా పానీయాలు, ప్రాసెస్డ్ చీజ్, నిలవ ఉంచిన మాంసపు సాసేజీలు, కొన్ని ఇన్‌స్టంట్ నూడుల్స్, కొన్ని బేకరీ సరుకులు ఈ జాబితాలోకి వస్తాయి. ప్యాకెట్ వెనుక కలిపిన పదార్థాల వరుసలో 338, 339, 340, 341, 450, 451, 452 అనే సంఖ్యలు ఉంటే అందులో ఫాస్ఫేట్ కలిపారని అర్థం. ఆ అక్షరాలు ఇంట్లో పెద్దవారు చదవలేకపోవచ్చు. అంకెలు మాత్రం ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. ఒక చీటీ మీద రాసి వంటింట్లో అంటించి పెడితే సరుకులు తెచ్చే పిల్లలకు కూడా పనికొస్తుంది.

కూరగాయలనూ మాంసాన్నీ ముక్కలుగా కోసి ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే ఫాస్ఫేట్ కొంత తగ్గుతుంది. పొటాషియం కూడా తగ్గుతుంది. ఆ నీటితో చారు కాస్తే మాత్రం చేసిన పనికి ఫలితం ఉండదు.

డాక్టరు ఫాస్ఫేట్ బైండర్ మాత్రలు రాస్తే వాటిని అన్నంతో పాటే వేసుకోవాలి. క్యాల్షియం కార్బొనేట్, క్యాల్షియం ఎసిటేట్, సెవెలమర్, లాంథనం ఈ కోవలోవి. తిన్న ఆహారంలోని ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టుకుని మలంతో బయటికి పంపడం వాటి పని. పరగడుపున వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. భోజనం మానేసిన పూట మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. ఒకప్పుడు దీనికి అల్యూమినియం హైడ్రాక్సైడ్ వాడేవారు. ఆ అల్యూమినియం ఎముకల్లో, మెదడులో పేరుకుని హాని చేస్తోందని తెలిశాక దీర్ఘకాలం వాడటం మానేశారు. కడుపులో మంటకు మెడికల్ షాపులో అమ్మే కొన్ని సిరప్‌ల్లో అది ఇప్పటికీ ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు వాటిని సొంతంగా కొని తాగకూడదు.

డయాలసిస్ ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. నాలుగు గంటల డయాలసిస్‌లో పోయే ఫాస్ఫరస్ సుమారు 800 నుంచి 1,000 మిల్లీగ్రాములు. మామూలుగా తినేవారికి ఒక్కరోజు తిండిలోనే దాదాపు అంత వస్తుంది. వారానికి మూడుసార్లు చేయించుకుంటే మిగిలిన నాలుగు రోజుల లెక్క ఎవరు తీరుస్తారు? కనుక తిండి, మాత్ర, డయాలసిస్ మూడూ కలిసే నడవాలి. డయాలసిస్‌ను మధ్యలో ఆపి తొందరగా లేచి వచ్చేయడం వల్ల పోయేది ముందు ఎముకకే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల మన పాఠకులకు బంధువుల ద్వారా తెలుసు. ఆ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కారణం తేలేదాకా ఎముకలు ఆగవు కాబట్టి అక్కడి రోగులకు కూడా ఈ ఫాస్ఫరస్ లెక్క అంతే అవసరం.

పేరు దక్కని పనులు

మళ్లీ సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. 1930లో ఆయనకు పీహెచ్.డీ. వచ్చింది. ఇంత పని చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. ఆయన వేరు చేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, తరువాతి వాళ్లు వాటిని మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని అదే ప్రయోగశాలలో చదువుకున్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పారు. 1988లో నోబెల్ బహుమతి పొందిన హిచింగ్స్ ఆయనే. సుబ్బారావు గారు మాత్రం తన వాటా కోసం ఎక్కడా గొడవకు దిగలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థకు మారారు. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ జబ్బుకు పనికొచ్చే మందు అదే. మద్రాసులో మందు లేక వాళ్లు పోయిన ఇరవై ఏళ్లు దాటాక, సముద్రాల అవతల ఆయన చేతుల మీదుగా ఆ మందు వచ్చింది. డయాలసిస్‌లో ఈ విటమిన్ కొంత నీటితో పాటు పోతుంది కాబట్టి, డయాలసిస్ రోగుల మాత్రల సంచిలో కూడా ఇది తరచుగా కనిపిస్తుంది.

ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పని చేసే అమైనోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే తయారు చేసి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు ఇచ్చింది. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో అది జబ్బును తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టింది. 1948లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. దాని తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ కీళ్ల వాతానికీ ఈరోజుకీ వాడుతున్నారు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో అది ఒంట్లో నిలిచిపోయి ప్రమాదం తెస్తుంది కాబట్టి, కిడ్నీ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. బోదకాలుకు మన తీర ప్రాంతాల్లో ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర కూడా లెడర్లీలో ఆయన నాయకత్వంలో వచ్చిందే. ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడా ఆ పరిశోధనల్లోనే.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. వయసు 53. ఇండియా వదిలాక ఆయన మళ్లీ ఇక్కడికి రాలేదు. 1995లో, ఆయన పుట్టి నూరేళ్లయిన సందర్భంగా మన తపాలా శాఖ ఒక స్టాంపు వేసింది. ఆయన పేరు మాత్రం వైద్యం చదివినవారికి తెలిసినంతగా మన ఇళ్లలో ఇప్పటికీ తెలియదు.

బయటి రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఆసుపత్రిలో ఇంకో ఇబ్బంది ఉంది. రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. డాక్టరు తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చెబుతారు. అనుమానాలు మాత్రం మనకు తెలుగులో పుడతాయి. అడగడానికి మొహమాటపడి ఊరుకుంటాం. ఫాస్ఫరస్ అనే మాట ఏ భాషలోనైనా ఒకటే. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ వరుస మీద వేలు పెట్టి, ఈ అంకె ఎంత ఉంది, పోయినసారి కంటే పెరిగిందా, పీ.టీ.హెచ్. చూడాలా, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అని అడగండి. ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకుని, రాత్రిళ్లు పాత్రలు కడుగుతూ మన మనిషి ఒకరు నిలబెట్టిన లెక్క అది. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవారి ఎముకలకు అది ఉపయోగపడేలా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.